ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీ నిర్ణయాల్లో మీ మాట చెల్లాలంటే ఏం చేయాలి?

2026 జనవరి 1 నుంచి వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో రెస్టారెంటు భోజనం మీద నాలుగు శాతం కొత్త పన్ను అమలులోకి వచ్చింది. అంతకు ముందు నుంచీ ఉన్న ఆరు శాతం అమ్మకపు పన్నును కలుపుకుంటే, సెంటర్‌విల్‌లోనో చాంటిలీలోనో కుటుంబమంతా కలిసి భోంచేసిన బిల్లు మీద పన్నే పది శాతం అవుతుంది. చాలామందికి ఈ సంగతి బిల్లు చేతికి వచ్చిన తరువాతే తెలిసింది. ఆ నిర్ణయం మాత్రం 2025 మే నెలలో బడ్జెట్‌తో పాటే జరిగిపోయింది. ఏప్రిల్‌లో దాని మీద పబ్లిక్ హియరింగులు, అంటే ప్రజల మాట వినే బహిరంగ సభలు, జరిగాయి. ఇంకా వెనక్కి వెళితే, 2016 నవంబరులో ఇటువంటి పన్నునే కౌంటీ ఓటర్లు రెఫరెండంలో తిరస్కరించారు. 2020లో రాష్ట్ర శాసనసభ చట్టాన్ని సవరించి, రెఫరెండం జరపకుండానే కౌంటీలు ఈ పన్ను వేసుకోవచ్చునని అనుమతించింది. ఆ పన్ను మంచిదా కాదా అన్నది వేరే చర్చ. దాని మీద అభిప్రాయం ఉన్నవారు దాన్ని చెప్పవలసిన సమయం జనవరి కాదు, అంతకు ముందు వచ్చిన మార్చి, ఏప్రిల్ నెలలు.

కౌంటీలో ప్రతి నిర్ణయానికీ ఇలాగే మాట చెల్లే కాలం ఒకటి ఉంటుంది, ఆ మాట వినవలసిన సభ ఒకటి ఉంటుంది. ఈ రెండూ తెలిస్తే, ఓటు హక్కు ఇంకా రానివారు కూడా ఇక్కడ చెప్పుకోదగినంత ప్రభావం చూపగలరు. ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో నివసిస్తున్న తెలుగు కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆ పద్ధతిని వరుసగా రాస్తున్నాను. పక్కనున్న లౌడన్ కౌంటీ వారికి పేర్లు, తేదీలు మారినా నడక చాలావరకు ఇదే.

మీరు ఏ ప్రభుత్వం కింద ఉన్నారో ముందుగా తేల్చుకోండి

ఇది అనవసరమైన ప్రశ్నగా కనిపించవచ్చు, కాని చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. మన చిరునామాలో ఉండే ఊరి పేరు తపాలా శాఖ సౌకర్యం కోసం పెట్టుకున్నది మాత్రమే. వర్జీనియాలో నగరాలు కౌంటీలలో భాగం కావు. ఫెయిర్‌ఫ్యాక్స్ నగరం చుట్టూ, ఫాల్స్‌చర్చ్ నగరం పక్కన కౌంటీ ఉన్నా అవి వేరే ప్రభుత్వాలు. మీ చిరునామాలో ఫెయిర్‌ఫ్యాక్స్ అని ఉన్నంత మాత్రాన మీరు ఆ నగరవాసులు కారు, అలెగ్జాండ్రియా అని ఉన్నా ఆ నగరంలో ఉన్నారని అర్థం కాదు. హెర్న్‌డన్, వియన్నా, క్లిఫ్టన్ మాత్రం కౌంటీ లోపలి టౌన్లు. ఆ టౌన్ల హద్దుల్లో ఉన్నవారికి టౌన్ కౌన్సిలూ ఉంటుంది, కౌంటీ బోర్డూ ఉంటుంది. హెర్న్‌డన్ అని ఉత్తరాలు వచ్చే ఇళ్ళలో ఎన్నో ఆ టౌన్ హద్దులకు బయటే ఉన్నాయి. చాంటిలీ చిరునామాతో ఉండే సౌత్ రైడింగ్ అసలు ఈ కౌంటీలోనే లేదు, అది లౌడన్ కౌంటీలోనిది.

కౌంటీ వెబ్‌సైటులో మీ ఇంటి చిరునామా ఇచ్చి చూస్తే, మీరు ఏ డిస్ట్రిక్టులో ఉన్నారో, మీ సూపర్‌వైజర్ ఎవరో, స్కూల్ బోర్డులో మీ ప్రతినిధి ఎవరో తెలుస్తుంది. డిస్ట్రిక్టులు తొమ్మిది: బ్రాడక్, డ్రేన్స్‌విల్, ఫ్రాంకోనియా, హంటర్ మిల్, మేసన్, మౌంట్ వెర్నన్, ప్రావిడెన్స్, స్ప్రింగ్‌ఫీల్డ్, సలీ. ఒక్కొక్క డిస్ట్రిక్టు నుంచి ఒక్కొక్క సూపర్‌వైజర్, కౌంటీ మొత్తం ఓటర్లు ఎన్నుకునే చైర్మన్ ఒకరు, వెరసి పదిమందితో కౌంటీని పాలించే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ ఏర్పడుతుంది. నాలుగేళ్ళకొకసారి, బేసి సంవత్సరంలో ఎన్నికలు జరుగుతాయి. గడిచినవి 2023లో, రాబోయేవి 2027 నవంబరులో. మీ డిస్ట్రిక్టు పేరు, సూపర్‌వైజర్ కార్యాలయం ఫోను నంబరు ఇంట్లో అందరికీ కనిపించే చోట రాసి పెట్టుకోండి.

సమస్య ఎవరిదో తెలుసుకోండి

వీధిలో గుంత పడితే కౌంటీకి ఫోను చేయడం సహజంగా తోచే పని. అయితే వర్జీనియాలో ఆర్లింగ్టన్, హెన్రైకో తప్ప మిగిలిన కౌంటీలలో రోడ్లను చూసుకునేది రాష్ట్ర రవాణా శాఖ అయిన వీడాట్. కాబట్టి గుంతలు, రోడ్డు మీది మంచు, సిగ్నల్ లైట్ల గురించి ఫిర్యాదు ఆ శాఖకే వెళ్ళాలి. మీ వీధిలో కార్ల వేగం తగ్గించే ఏర్పాట్లు కావాలంటే మాత్రం మీ సూపర్‌వైజర్ కార్యాలయంతోనే మొదలుపెట్టాలి. కనెక్టర్ బస్సులు కౌంటీవి, మెట్రో రైళ్ళు వేరే ప్రాంతీయ సంస్థవి. మీ కమ్యూనిటీలోని పచ్చికలు, ఇంటి రంగులు, పార్కింగ్ హద్దుల వంటివి హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) చూసుకునే వ్యవహారాలు. వాటిలో బోర్డు జోక్యం చేసుకోదు.

బడుల విషయం మరికాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాళ్ళలో ఎక్కువమంది ఈ కౌంటీని ఎంచుకున్నదే బడుల కోసం. పన్నెండు మంది సభ్యుల స్కూల్ బోర్డును ప్రజలు విడిగా ఎన్నుకుంటారు. తొమ్మిది మంది డిస్ట్రిక్టుల నుంచి, ముగ్గురు కౌంటీ మొత్తం నుంచి. పాఠ్యక్రమం, బడుల సరిహద్దులు, తరగతుల ఏర్పాటు వంటివి వారి చేతిలో ఉంటాయి. కాని స్కూల్ బోర్డుకు పన్ను వేసే అధికారం లేదు. దాని డబ్బులో అధిక భాగం కౌంటీ బోర్డు ఇవ్వవలసిందే, కౌంటీ సాధారణ నిధిలో సగానికి పైగా బడులకే పోతుంది. అందువల్ల మీ కోరిక డబ్బుతో ముడిపడినదైతే రెండు బోర్డులకూ చెప్పాలి, విధానానికి సంబంధించినదైతే స్కూల్ బోర్డుకు చెబితే చాలు. 2024లో మొదలైన బడుల సరిహద్దుల సమీక్షలో ప్రాంతాలవారీ సమావేశాలు పెట్టి అభిప్రాయాలు అడిగారు. మీ పిల్లల బడి మారుతుందేమోనన్న ఆందోళన ఉంటే, దాన్ని తోటి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో చర్చించుకోవడంతో ఆపకండి. ఆ గ్రూపులో రాసిన వాక్యాలనే కాస్త సరిదిద్ది స్కూల్ బోర్డు సభ్యునికి పంపితే అవి రికార్డులో చేరతాయి.

ఏడాది క్యాలెండరు దగ్గర పెట్టుకోండి

కౌంటీ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. దాని బడ్జెట్ కథ మాత్రం ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. ఆ నెలలో కౌంటీ సిబ్బందికి అధిపతి అయిన కౌంటీ ఎగ్జిక్యూటివ్ తన ప్రతిపాదనను బోర్డు ముందు ఉంచుతారు. ఇంచుమించు అదే రోజుల్లో మీ ఇంటి విలువను తెలిపే అసెస్‌మెంట్ నోటీసు కూడా ఇంటికి వస్తుంది. మార్చిలో బోర్డు రాబోయే సంవత్సరపు ఇంటి పన్ను రేటును ప్రకటన కోసం ఆమోదిస్తుంది. ఏడాదిలో సామాన్యులు అతి తక్కువగా గమనించే ఓటు ఇది, నా ఉద్దేశంలో అతి ముఖ్యమైనది కూడా ఇదే. మార్చిలో ప్రకటించిన రేటు గరిష్ఠ పరిమితి వంటిది. మే నెలలో బోర్డు దానికన్నా తక్కువ రేటు పెట్టవచ్చును గాని, మళ్ళీ ప్రకటన ఇవ్వకుండా ఎక్కువ పెట్టడానికి వీల్లేదు. కాబట్టి పన్ను పెరగకూడదని కోరేవారూ, బడులకో పార్కులకో మరింత డబ్బు కావాలని కోరేవారూ మార్చి ఓటుకు ముందే తమ సూపర్‌వైజర్‌కు రాయడం మంచిది. ఏప్రిల్‌లో హియరింగులు జరుగుతాయి, ఆ తరువాత బోర్డు సభ్యులు సవరణలు చేసి, మే నెలలో బడ్జెట్‌ను ఆమోదిస్తారు. ఏప్రిల్ హియరింగుకు కూడా విలువ ఉంది, అయితే అప్పటికి పెద్ద గీతలు చాలావరకు గీయబడి ఉంటాయి.

లెక్క ఎలా పనిచేస్తుందో తెలిసి ఉంటే రాసేటప్పుడు మాటకు బలం వస్తుంది. 2025లో ఇంటి పన్ను రేటు ప్రతి నూరు డాలర్ల విలువకు 1.1225 డాలర్లు. రేటు ఒక్క సెంటు మారితే ఏడు లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 70 డాలర్ల తేడా వస్తుంది. రేటు మారకపోయినా ఇంటి విలువ పెరిగితే పన్ను పెరుగుతుందని మరువకండి. ఆ విలువే ఎక్కువగా కట్టారని అనిపిస్తే బోర్డుకు రాయడం వృథా. నోటీసులో ఇచ్చిన గడువులోపు పన్నుల శాఖకు అప్పీలు చేసుకోవాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే ఇటువంటి అప్పీళ్ళు వినే బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్ ఉంది. చుట్టుపక్కల అదే తరహా ఇళ్ళు ఎంతకు అమ్ముడయ్యాయో వివరాలు చేరిస్తే అప్పీలు నిలబడుతుంది.

బడ్జెట్ కాని పనులకు బోర్డు సాధారణంగా మంగళవారాల్లో గవర్నమెంట్ సెంటర్ భవనంలో సమావేశమవుతుంది. ఆగస్టులో సమావేశాలు ఉండవు. పూర్తి బోర్డు ఓటు వేయడానికి చాలా ముందే ఆ విషయాన్ని బోర్డు కమిటీలు చర్చిస్తాయి. ఆ కమిటీ సమావేశాలకు ఎవరైనా వెళ్ళి వినవచ్చు. ఏ సూపర్‌వైజర్ ఏ సందేహం వెలిబుచ్చారో అక్కడ గమనించి, ఆ సందేహానికి సమాధానంగా ఉత్తరం రాస్తే, మామూలు ఉత్తరాలకన్నా దాన్ని శ్రద్ధగా చదువుతారు.

వార్త మీ దగ్గరికి వచ్చేటట్లు చూసుకోండి

మీ సూపర్‌వైజర్ న్యూస్‌లెటర్‌కు పేరు నమోదు చేసుకోండి. బోర్డు సమావేశానికి కొన్ని రోజుల ముందు ఎజెండా, దానితో పాటు సిబ్బంది నివేదికలు కౌంటీ వెబ్‌సైటులో పెడతారు; వందల పుటలు ఉంటాయి గనుక అన్నీ చదవనక్కరలేదు, విషయసూచికలో మీ డిస్ట్రిక్టు పేరు ఉన్న అంశాలను చూసుకుంటే చాలు. సమావేశాలను కౌంటీ టీవీ చానెల్ 16లోనూ, ఆన్‌లైన్‌లోనూ ప్రత్యక్షంగా చూడవచ్చు. తుపాను, మంచు, నీటి సరఫరా హెచ్చరికల కోసం ఫెయిర్‌ఫ్యాక్స్ అలర్ట్స్‌లో ఇంట్లోని పెద్దవాళ్ళ ఫోన్లను కూడా చేర్పించండి.

పక్క స్థలంలో ఏదో కడుతున్నారని తెలిస్తే

జోనింగ్, అంటే ఏ స్థలాన్ని దేనికి వాడవచ్చో నిర్ణయించే వ్యవహారంలో పౌరులు చూపగల ప్రభావం మిగిలిన అన్నింటికన్నా ఎక్కువ, అందుకే దీని గురించి ఓపికగా చదవమని కోరుతున్నాను. ఎవరైనా ఒక స్థలాన్ని వేరే ఉపయోగానికి మార్చాలని దరఖాస్తు చేస్తే, పక్క స్థలాల యజమానులకు నోటీసులు వెళ్తాయి, ఆ స్థలంలో హియరింగు తేదీతో నోటీసు పలక పాతుతారు. కౌంటీ సిబ్బంది నివేదిక తయారుచేస్తారు. ముందు పన్నెండు మంది సభ్యుల ప్లానింగ్ కమిషన్ హియరింగు జరిపి సిఫారసు చేస్తుంది, తరువాత బోర్డు మరొక హియరింగు జరిపి నిర్ణయిస్తుంది. ఈ రెండింటికన్నా ముందు చాలా డిస్ట్రిక్టులలో స్థానికుల లాండ్ యూజ్ (భూ వినియోగ) కమిటీ ఆ ప్రతిపాదనను పరిశీలిస్తుంది. కట్టేవారు స్వయంగా వచ్చి ప్రశ్నలకు జవాబు చెబుతారు. మీరు వెళ్ళవలసిన మొదటి సమావేశం అది.

అక్కడ "మాకు ఇది వద్దు" అన్న ఒక్క మాటతో ఎక్కువ ఫలితం రాదు. రీజోనింగు, అంటే స్థలం ఉపయోగంలో మార్పు, కోరేవారు కొన్ని హామీలను స్వచ్ఛందంగా రాసి ఇస్తారు, వాటిని ప్రోఫర్లు అంటారు: కాలిబాట వేస్తామని, ఇళ్ళ వైపు ఇన్ని అడుగుల మేర చెట్లు ఉంచుతామని, కట్టడం ఇంత ఎత్తు దాటదని. బోర్డు ఆమోదించాక అవి ఆ స్థలాన్ని కట్టడి చేస్తాయి, యజమాని మారినా కొనసాగుతాయి. అందుచేత మీ అభ్యంతరాన్ని ఒక ప్రోఫర్ రూపంలో అడగడం నేర్చుకోండి. ట్రాఫిక్ ఎక్కువవుతుందన్న మాటకు బదులు, ఫలానా మలుపు దగ్గర ప్రత్యేక లేను వేయాలన్న కోరిక పెట్టండి. లారీల చప్పుడు గురించి ఫిర్యాదు చేసే బదులు, రాత్రి ఫలానా గంట తరువాత సరుకు దింపకూడదన్న షరతు అడగండి. పది కుటుంబాలు కలిసి రెండు మూడు స్పష్టమైన కోరికలు పెడితే, వాటిలో ఒకటైనా కాగితం మీదికి ఎక్కే అవకాశం ఉంటుంది.

ఇదే నడక అవతలి వైపు నుంచి కూడా మనకు ఎదురవుతుంది. నివాస ప్రాంతంలో గుడి గాని ప్రార్థనా మందిరం గాని కట్టాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అప్పుడు పార్కింగు, పండుగ రోజుల రద్దీ, దీపాల కాంతి గురించి ఇరుగుపొరుగు అడిగే ప్రశ్నలకు దరఖాస్తు పెట్టకముందే వారి ఇళ్ళకు వెళ్ళి సమాధానం చెప్పిన కమిటీకి హియరింగులో తక్కువ వ్యతిరేకత ఎదురవుతుంది.

పద్ధతి పాటించడం ఎంత ముఖ్యమో తెలియాలంటే కౌంటీ జోనింగ్ ఆర్డినెన్సు (స్థానిక చట్టం) సంగతి చూడండి. కోవిడ్ కాలంలో, 2021 మార్చిలో, బోర్డు ఆన్‌లైన్ సమావేశంలో కొత్త ఆర్డినెన్సును ఆమోదించింది. కొందరు నివాసులు కోర్టుకు వెళ్ళారు. బహిరంగ సమావేశాల చట్టానికి విరుద్ధంగా జరిగిందన్న కారణంతో 2023 మార్చిలో వర్జీనియా సుప్రీంకోర్టు దాన్ని చెల్లదని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది మే నెలలో బోర్డు ముఖాముఖి సమావేశంలో మళ్ళీ హియరింగు జరిపి ఆమోదించవలసి వచ్చింది. కొంతమంది మామూలు నివాసులు సమావేశపు నియమాలను శ్రద్ధగా చదవడం వల్ల కౌంటీ మొత్తానికి మరొకసారి మాట్లాడే అవకాశం దక్కింది.

మూడు నిమిషాలను సిద్ధం చేసుకోండి

పబ్లిక్ హియరింగులో మాట్లాడాలంటే క్లర్క్ కార్యాలయం దగ్గర ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. స్వయంగా వచ్చి మాట్లాడవచ్చు, ఫోనులో మాట్లాడవచ్చు, వీడియో పంపవచ్చు, రాతపూర్వకంగానూ ఇవ్వవచ్చు. వీడియోకు, ఫోనుకు గడువులు వేరుగా ఉంటాయి గనుక నమోదు ఫారం నింపేటప్పుడే చూసుకోండి. ఇంగ్లీషులో ఇబ్బంది ఉన్నవారు దుబాసీ సాయం కావాలని కొన్ని రోజుల ముందే అడగాలి.

మాట్లాడేవారికి ఇచ్చే సమయం మూడు నిమిషాలు. నిదానంగా చదివితే అందులో ఇంగ్లీషులో నాలుగు వందల పదాలకు మించి పట్టవు. మొదటి వాక్యంలో మీ పేరు, మీ డిస్ట్రిక్టు, ఎంతకాలంగా ఉంటున్నారో చెప్పండి. రెండవ వాక్యంలోనే బోర్డు ఏం చేయాలని మీరు కోరుతున్నారో చెప్పండి. చివరిదాకా దాచి ఉంచితే గంట మోగాక అది చెప్పకుండానే కూర్చోవలసి వస్తుంది. ఆ తరువాత మీకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి చెప్పండి. లైబ్రరీ వేళలు తగ్గిస్తే నష్టమని సాధారణంగా చెప్పడం కన్నా, ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో బడి వదిలాక పిల్లలు ఫలానా లైబ్రరీలో ఏ గంట నుంచి ఏ గంట వరకు ఉంటున్నారో చెబితే సభ్యులు కలం తీసి రాసుకుంటారు. అంకెలు చెప్పాలనుకుంటే కౌంటీ సొంత పత్రాలలోంచే తీసుకోండి. మీ ముందు మాట్లాడినవారు మీ మాటే చెప్పేస్తే దాన్ని తిరిగి చదవకండి. వారితో ఏకీభవిస్తున్నానని చెప్పి మిగిలిన సమయంలో కొత్త విషయం ఒకటి చేర్చండి. ఒకే ఉత్తరాన్ని యాభై మంది పేర్లతో పంపడం కన్నా ఐదుగురు ఐదు రకాలుగా సొంతంగా రాసినది మేలు. పని జరిగితే, మళ్ళీ ఒక వాక్యం రాసి కృతజ్ఞత చెప్పడం మరువకండి. ఆ కార్యాలయాల్లో పనిచేసే సహాయకులు అటువంటి ఉత్తరాలను గుర్తు పెట్టుకుంటారు.

ఓటు హక్కు లేనివారు జాగ్రత్త పడవలసిన చోటు

హెచ్1బీ వీసా మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు ఉన్నవారు హియరింగులో మాట్లాడవచ్చు, సూపర్‌వైజర్‌ను కలవవచ్చు, ఉత్తరాలు రాయవచ్చు, స్వచ్ఛంద సేవ చేయవచ్చు. ఇంటి పన్ను, కారు పన్ను కట్టేది మీరు కూడా. మాట్లాడడానికి ఏ సంకోచమూ అవసరం లేదు. అయితే అమెరికా పౌరసత్వం రాకముందు ఓటరుగా నమోదు చేసుకోకండి. డ్రైవింగ్ లైసెన్సు కార్యాలయంలో ఫారం నింపేటప్పుడు ఓటరు నమోదు ప్రశ్న వస్తుంది. తొందరలో అవునని పెట్టినా, పౌరుడినని రాసి ఇచ్చినట్లు అవుతుంది, దాని ఫలితంగా దేశం విడిచి వెళ్ళవలసిన పరిస్థితి కూడా రావచ్చు. అభ్యర్థుల కోసం సంతకాలు సేకరించేవారు ఇంటికి వస్తే, ఆ పత్రాల మీద సంతకం చేయవలసింది నమోదైన ఓటర్లు మాత్రమేనని గుర్తుంచుకోండి. వీసాతో పెద్దవాళ్ళను ఇక్కడికి రప్పించుకున్న ఇళ్ళలో వారికీ ఈ సంగతి చెప్పి ఉంచడం మంచిది.

పౌరసత్వం వచ్చి ఓటరుగా నమోదైనవారు ఎన్నికల అధికారిగా ఒక రోజు పనిచేసి చూడండి. శిక్షణ ఇస్తారు, పారితోషికం ఇస్తారు. తెల్లవారకముందు నుంచి రాత్రి దాకా సాగే పని, శ్రమ ఉంటుంది. కాని ఓట్లను ఎలా లెక్కిస్తారో, ఎన్నిచోట్ల సరిచూస్తారో కళ్ళారా చూసే అవకాశం ఇంకెక్కడా దొరకదు. పదహారు, పదిహేడేళ్ళ విద్యార్థులు పోలింగ్ కేంద్రాల్లో సహాయకులుగా ఉండవచ్చు.

చేతి పనితో మొదలుపెట్టి కమిషన్ దాకా

సభల్లో మాట్లాడడం అందరికీ నచ్చదు. అటువంటివారికి పార్క్ అథారిటీ వారి సేవా కార్యక్రమాలు ఉన్నాయి: అడవుల్లోకి చొరబడిన పరదేశపు తీగలను పీకివేసే పని కుటుంబంతో కలిసి చేయవచ్చు, హెర్న్‌డన్ దగ్గరి ఫ్రైయింగ్ పాన్ ఫార్మ్ పార్కులో పిల్లలు పశువుల పెంపకం దగ్గరగా చూస్తూ సాయపడవచ్చు. అగ్నిమాపక శాఖ నడిపే సెర్ట్ శిక్షణలో, విపత్తు వచ్చినప్పుడు సహాయక బృందం చేరేలోగా ఇరుగుపొరుగును ఎలా ఆదుకోవాలో నేర్పుతారు. ఒంటరి వృద్ధుల ఇళ్ళకు భోజనం చేరవేసే మీల్స్ ఆన్ వీల్స్‌కు కారు నడిపేవారు ఎప్పుడూ అవసరమే. ఎక్కడ ఏ అవసరం ఉందో వాలంటీర్ ఫెయిర్‌ఫ్యాక్స్ సంస్థ ఒకేచోట చూపిస్తుంది.

వీటిలో ఒకదానిలో ఏడాది పాటు నిలకడగా పనిచేసినవారు తరువాతి అడుగు వేయవచ్చు. కౌంటీలో పదుల సంఖ్యలో సలహా బోర్డులు, కమిషన్లు ఉన్నాయి. లైబ్రరీ ట్రస్టీల బోర్డు, ట్రీ కమిషన్, ట్రాన్స్‌పోర్టేషన్ అడ్వైజరీ కమిషన్, హ్యూమన్ రైట్స్ కమిషన్, కమిషన్ ఆన్ ఏజింగ్ వాటిలో కొన్ని. క్రికెట్ మైదానాల కొరతతో విసిగినవారు వాట్సాప్‌లో వాదించుకోవడం మాని అథ్లెటిక్ కౌన్సిల్ సమావేశానికి వెళ్ళడం ఎంతో మేలు. ఖాళీల జాబితాను కౌంటీ ప్రచురిస్తుంది. చాలా స్థానాలకు మీ సూపర్‌వైజరే పేరు ప్రతిపాదిస్తారు, కాబట్టి రెజ్యూమె పంపడంతో పాటు ఆ కార్యాలయానికి వెళ్ళి అర్హతలేమిటో, నెలకు ఎన్ని గంటలు పడుతుందో అడగండి. దరఖాస్తు పెట్టే ముందు ఆ కమిషన్ సమావేశాలకు రెండు మూడు సార్లు ప్రేక్షకులుగా వెళ్ళి కూర్చుంటే, ఆ పని మీకు సరిపడుతుందో లేదో మీకే తెలుస్తుంది.

కాగితాలు కావలసి వచ్చినప్పుడు

ఒక నిర్ణయం ఎందుకు జరిగిందో అర్థం కాకపోతే వర్జీనియా సమాచార చట్టం కింద రికార్డులు అడగవచ్చు. కారణం చెప్పనక్కరలేదు, ఫలానా ఫారం మీదనే రాయాలన్న నియమమూ లేదు. ఏ శాఖ, ఏ విషయం, ఏ తేదీల మధ్య అన్నది స్పష్టంగా రాసి ఈమెయిలు పంపితే చాలు. ఐదు పనిదినాల్లో జవాబు ఇవ్వాలి, అవసరమైతే మరో ఏడు పనిదినాలు తీసుకోవచ్చు. వెతకడానికి అయ్యే ఖర్చు వసూలు చేసే హక్కు వారికి ఉంది గనుక, ముందుగా అంచనా చెప్పమని అదే ఉత్తరంలో రాయండి. అంచనా పెద్దదిగా వస్తే తేదీల పరిధి తగ్గించి మళ్ళీ అడగండి. జవాబు సరిగా లేదనిపిస్తే, రాష్ట్రస్థాయిలో ఈ చట్టం మీద సలహా ఇవ్వడానికే ఏర్పడిన ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అడ్వైజరీ కౌన్సిల్ పౌరులకు ఉచితంగా వివరణ ఇస్తుంది; కోర్టుకు వెళ్ళే ఆలోచన చేసే ముందు వారికి ఒక ఉత్తరం రాయండి.